కెమెరా ఎవరి చేతిలో ఉంది?

(వార్షిక దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సంచికలో ఏ ఫోటోలు వేయాలో చూసిపెట్టమని కార్యదర్శి గారు నాకు అప్పగించారు. పాత ఫైళ్లు తిరగేస్తుంటే నేనే తీసిన ఫోటో ఒకటి దొరికింది. ఒక చెల్లెలికి కుట్టుమిషన్ ఇస్తున్నాం. వెనక బ్యానరు, చుట్టూ నవ్వుతూ ఏడుగురు కమిటీ సభ్యులు. ఆమె మాత్రం తల దించుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుంది. "ఇటు చూడమ్మా" అని ఆ రోజు రెండుసార్లు అన్నది నేనే. ఇన్నేళ్ల తర్వాత చూస్తే, మనం ఆమెకు ఇచ్చినదాని కంటే ఆమె దగ్గర తీసుకున్నదే నాకు ఎక్కువగా కనిపించింది.

ఫోటో అబద్ధం చెప్పదంటారు. చెప్పకపోవచ్చు గానీ, కొంతే చెబుతుంది. ఫ్రేములో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో కెమెరా పట్టుకున్నవాళ్లు నిర్ణయిస్తారు. దాని అర్థమేమిటో కింద వాక్యం రాసేవాళ్లు నిర్ణయిస్తారు. ఫోటోలో ఉన్న మనిషిని మాత్రం ఎవరూ అడగరు.

మరి కెమెరా వాళ్ల చేతికే ఇస్తే ఏమవుతుంది? 1990ల మొదట్లో చైనాలోని యునాన్ ప్రాంతంలో ఆ పని చేశారు. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో నడిచిన మహిళల ఆరోగ్య కార్యక్రమం అది. కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ ఆధ్వర్యంలో 62 మంది పల్లె మహిళలకు ఫోటోలు తీయడం నేర్పారు. రోజువారీ బతుకులో తమకు ముఖ్యమనిపించినదాన్ని వాళ్లే తీశారు. తర్వాత అందరూ కలిసి కూర్చుని, ఫోటోలు ఏరి, ఒక్కోదాని వెనక ఉన్న కథ చెప్పుకున్నారు.

అందులో ఒక ఫోటోలో ఒక తల్లి మొక్కజొన్న చేలో కలుపు తీస్తోంది. పసిబిడ్డ చేను అంచున ఒంటరిగా పడుకుని ఉంది. మనలాంటి బయటివాళ్లకు అది పచ్చని పల్లె దృశ్యంగా అనిపించవచ్చు. ఆ తల్లులకు అది రోజూ ఎదురయ్యే ప్రశ్న: నేను పనిలో ఉంటే బిడ్డను చూసేదెవరు? ఇలాంటి ఫోటోలు అధికారుల ముందుకు వెళ్లాయి. పిల్లల సంరక్షణ కేంద్రాలు, మంత్రసానులకు శిక్షణ, ఆడపిల్లలకు చదువు సాయం వంటివి మొదలయ్యాయి.

ఈ పద్ధతికి తర్వాత ఫోటోవాయిస్ అనే పేరు స్థిరపడింది. ఇందులో ప్రతి ఫోటో ముందూ ఐదు ప్రశ్నలు వేసుకుంటారు. ఇక్కడ ఏం కనిపిస్తోంది? నిజంగా ఏం జరుగుతోంది? దీనికీ మన బతుకుకీ సంబంధమేమిటి? ఇది ఎందుకిలా ఉంది? మనం ఏం చేయగలం? నా కుట్టుమిషన్ ఫోటో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

దాతలకు లెక్క తెలియాలి కదా అని మీలో కొందరు అడగవచ్చు. తప్పకుండా తెలియాలి, అది మీ హక్కు. దానికి రసీదులున్నాయి, ఆడిట్ ఉంది. సొమ్ము చేరిందని రుజువు చేయడానికి ఒక పేదరాలి ముఖం అక్కర్లేదు.

అందుకే ఈసారి మన కుట్టు కేంద్రంలోని చెల్లెళ్లను వాళ్ల ఫోన్లతోనే ఫోటోలు తీయమన్నాం. ఏవి అచ్చువేయాలో, కింద ఏం రాయాలో వాళ్లే చెప్పారు. సగం కుట్టిన స్కూలు యూనిఫాం, కరెంటు పోయిన రాత్రి మిషన్ పక్కన వెలిగించిన కొవ్వొత్తి, మొదటి సంపాదనతో కొన్న బియ్యం బస్తా. వాటిలో మన బ్యానరు ఎక్కడా లేదు. కొవ్వొత్తి ఫోటో చూశాకే ఆ కేంద్రానికి ఇన్వర్టర్ కావాలని మనకు తెలిసింది. ఈ సంచికలో మిమ్మల్ని అడుగుతున్న మొదటి సాయం అదే.

ఆ పాత ఫోటో వేయడం లేదు. వేయవచ్చా అని ఆ చెల్లెలిని అడిగాను. వద్దంది. ఆ మాట ఆ రోజే అడగవలసింది.