టెండరు వ్రాతగాని వృత్తి



క్రయదస్తావేజులో ఒక్క హద్దు తప్పుగా పడిన యెడల రెండు తరములవారు కోర్టు చుట్టు తిరుగవలసి వచ్చుట మీరెఱుగనిది కాదు. అందుచేతనే మన గ్రామములలో మంచి వ్రాతగానికి గౌరవము కలదు. నేను చేయునది ఆ జాతి పనియే; పేరు మాత్రము వేఱు. టెండర్లకు ప్రతిపాదనములు వ్రాయుటయు, వ్రాయించుటయు నా వృత్తి.

ప్రభుత్వమువారు వంతెన కట్టింపదలచినను, ఆసుపత్రికి యంత్రములు కొనదలచినను టెండరు పిలుతురు. పనిని కోరువారు తమ శక్తిని, చేయు విధానమును, ధరను వ్రాసి దాఖలు చేయవలెను. ఈ వ్రాతకై పెద్ద కంపెనీలు ప్రత్యేకముగా ఉద్యోగులను నియమించుకొనుచున్నవి. అమెరికాలో 1989లో ఈ వృత్తివారికొక సంఘమే ఏర్పడినది. అది మెట్లు మెట్లుగా యోగ్యతాపత్రముల నిచ్చుచున్నది.

వ్రాత యనగా సొగసైన మాటలు కూర్చుట యని పలువురు తలంతురు. పనిలో సగము చదువుటయే. టెండరు కాగితములలో ‘వలెను’ అని యున్న ప్రతిచోట గుర్తు పెట్టి, ఒక్కొక్కదానికి ఎదురుగా సమాధానము వ్రాయవలెను. పెక్కు టెండర్లలో రెండు భాగములుండును: ఒకటి సాంకేతిక వివరములది, రెండవది ధరది. మొదటిదానిలో నెగ్గినవారి ధరనే తెఱచి చూతురు. మన దేశపు 2017 నాటి ఆర్థిక నియమముల ప్రకారము ధరావతు సాధారణముగా అంచనా విలువలో నూటికి 2 మొదలు 5 వఱకు ఉండును. చిన్న పరిశ్రమలకు మినహాయింపు కలదు. ఇప్పుడు దాఖలు చాలవఱకు కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. గడువు దాటిన పిమ్మట బ్రతిమాలుకొనుటకు అచట గుమాస్తా యుండడు!

నేనెఱిగిన యొక చిన్న కంపెనీవారు పనిలో దిట్టలు. వారి ధరయు తక్కువయే. ఒక ధ్రువపత్రముపై సంతకము లేకపోవుటచే వారి ధరను తెఱువనే లేదు. వారి పనివారు ఆ యేడు వేఱొకచోట కూలి వెదకికొనిరి.

ఇంజనీర్లను, లెక్కలవారిని, వకీళ్లను కూర్చి, ఎవరేది ఎన్నడీయవలెనో నిర్ణయించి, పంపుటకు ముందు క్రొత్తవానిచేత అంతయు చదివించుట నిర్వాహకుని పని. అంతకంటె కష్టమైనది ‘ఈ టెండరు మనకు తగదు’ అని యజమానితో చెప్పుట. వ్రాసి యిచ్చిన మాట రేపు ఒప్పందములో షరతగును. పెండ్లి మాటలలో అధికముగా ఒప్పుకొన్న పెద్ద పాటు మీకు తెలియును గదా!

ధ్రువపత్రములు సేకరించు సహాయకుడుగా చేరినవాడు క్రమముగా వ్రాతగాడై, నిర్వాహకుడు కావచ్చును. రాత్రులు మేల్కొనుట తప్పదు. శ్రమపడి వ్రాసినవానిలో పెక్కు ఓడిపోవును. ఇంగ్లీషు బాగుగా రావలెను. పట్టా ఏదైనను, ఓపికతో చదువు గుణము ముఖ్యము.

మీ యింట చదువుకొన్న యువకుడో యువతియో యున్న యెడల, పత్రికలో పడిన టెండరు ప్రకటన నొకదానిని చేతికిచ్చి మూడు ప్రశ్నలడుగుడు: ఎవరు అర్హులు? ఏ కాగితములు కావలెను? గడువెప్పుడు? తడుముకొనక చెప్పినచో, ఈ వృత్తిని గూర్చి ఆ బిడ్డతో ప్రస్తావింపుడు.