మూత బిగుసుకున్న భరిణె



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వేపకర్ర భరిణె మూత తియ్యండి చూద్దాం. రాదు. ఇందాక ముందు వరుసలో నలుగురు ప్రయత్నించారు, వాళ్ల వల్లా కాలేదు. చేయించింది మేమే, తప్పూ మాదే.

మన సంఘంలో ఒకరి చేలో గాలివానకు వేపచెట్టు పడింది. మొదలు దగ్గర తలకాయంత బొడిపె. బొడిపెలో నార నిలువుగా ఉండదు, సుడులు తిరిగి ఉంటుంది. అందుకే గొడ్డలికి చీలదు, ఊళ్లో మూలన పడేస్తారు. కోసి చూస్తే ఆ సుడులే అందం. బస్సులో వేసుకొచ్చి నాంపల్లిలో లేత్ ఉన్న ఒక వడ్రంగికి ఇచ్చాం. "పచ్చిగా ఉంది, ఆరనివ్వండి" అన్నాడాయన. మేం వింటేనా! జనవరి 1న నుమాయిష్ మొదలవుతుంది, ఆలోపు కావాలని తొందరపెట్టాం. అప్పుడు మూత చక్కగానే పట్టింది. వేసవికల్లా కర్ర ఆరి, గుండ్రటి మూతి కోలగా తిరిగింది. మూత బిగుసుకుంది.

తర్వాత ఆయన దగ్గరే కూర్చుని నేర్చుకున్నాం. ముందు మందంగా తొలిచి నీడలో నెలల తరబడి ఉంచాలి. వారం వారం తూచాలి. బరువు తగ్గడం ఆగితేనే మళ్లీ లేత్ ఎక్కించాలి. ముందు మూత, ఆ మూతకు సరిపోయేలా మూతి, చివర్లో సన్నసన్నగా. బొడిపెలో బెరడు దాగి ఉంటుంది, ముక్క ఎగిరి ముఖానికి తగలొచ్చు. కళ్లద్దాలు లేకుండా దగ్గరకు పోవద్దు.

అబిడ్స్ గన్‌ఫౌండ్రీలోని హస్తకళల షోరూమ్‌లో ఏటికొప్పాక కుంకుమభరిణెలు చూశాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డు ఊరది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గింజల, బెరడుల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. వాళ్లది బొడిపె కాదు, మెత్తటి అంకుడు కర్ర. తిరుగుతున్న కర్రకు రంగు లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది.

లక్క ఎక్కడిది? మోదుగు, రేగు కొమ్మల మీద చిన్న పురుగు కట్టేది. మన దేశంలో ఎక్కువ భాగం జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి, ఆదివాసీల చేతుల మీదుగానే వస్తుంది. కర్రా అడవిదే. గాజు అద్దాల వెనకున్న భరిణె ధర చీటీ చూసి మా వాళ్లలో ఒకాయన గట్టిగానే అన్నాడు: "మనం కొమ్మ దగ్గరే ఆగిపోయాం." ఆ మాట మాకు ఇంకా గుచ్చుతోంది.

అలాగని గొడ్డలి పట్టుకుని అడవికి పోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టంలో లక్క, తేనె, వెదురు చిన్నతరహా అటవీ ఫలసాయం కింద వస్తాయి, కలప రాదు. బతికున్న చెట్టు బొడిపె కోస్తే చెట్టుకు పెద్ద గాయమే. చేలో పడిపోయిన వేప, చింత, మామిడి చాలు. అవీ పొయ్యిలోకి పోకముందే చూసుకోండి.

ఆ వేప బొడిపెలో మిగిలిన రెండు ముక్కలు సంఘం గదిలో నీడన ఆరుతున్నాయి. తూచిన తేదీ, బరువు వాటి మీదే పెన్సిల్‌తో రాస్తున్నాం. రెండు వారాలుగా అంకె మారలేదు. వడ్రంగి ఆదివారాలు నేర్పుతానన్నాడు. ముగ్గురికి చోటుంది. అమ్మాయిలు కూడా పేర్లివ్వండి, టీ తాగేలోపు.

జోహార్.