ఓడలో డిన్నర్‌కి పంచె కట్టుకుని వెళ్ళొచ్చా?

పోయిన ఎపిసోడ్‌లో సింగపూర్ క్రూజ్ ఖర్చుల గురించి మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత మీలో ఎక్కువమంది అడిగింది టికెట్ రేటు గురించి కాదు, వీసా గురించి కూడా కాదు. "బ్రో, అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నా. రాత్రి భోజనానికి సూట్ వేసుకోవాలంట కదా. మా నాన్న జన్మలో కోటు తొడగలేదు. ఇప్పుడు కుట్టించాలా?" ఇదీ ప్రశ్న. పైకి బట్టల ప్రశ్నలా ఉంది గానీ, లోపల ఉన్న భయం వేరే. లక్షలు పెట్టి తీసుకెళ్ళాక, ఆ కోటు లేదనో, ఉన్నా ఇబ్బందిగా ఉందనో, నాన్న రూమ్‌లోనే కూర్చుండిపోతే? అందుకే ఈ రోజు మొత్తం దీని గురించే.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. చాలా ఓడల్లో అక్కర్లేదు. నార్వీజియన్ క్రూజ్ లైన్ వాళ్ళు 2000లోనే ఫ్రీస్టైల్ క్రూజింగ్ అని మొదలుపెట్టి, ఫలానా టైముకి రావాలి, ఫలానా బట్టలు వేసుకోవాలి అనే గొడవ తీసేశారు. వైకింగ్ సముద్రపు ఓడల్లో ఫార్మల్ నైట్స్ ఉండవు. రాయల్ కరీబియన్, ప్రిన్సెస్ లాంటివాళ్ళు వారం ట్రిప్‌లో ఒకటో రెండో ఫార్మల్ రాత్రులు పెడతారు. ఆ రోజు కూడా మంచి చొక్కా, ప్యాంటులో కూర్చుని తినేవాళ్ళు బోలెడంతమంది కనిపిస్తారు. వర్జిన్ వాయేజెస్‌లో స్కార్లెట్ నైట్ అని ఒక రాత్రి అందరూ ఎర్ర బట్టలు వేసుకుంటారు. అది డ్రెస్ కోడ్ కన్నా మన కాలేజీ ఫెస్ట్‌లో కలర్ డేకి దగ్గర.

నిజంగా పట్టింపు ఉన్న కంపెనీ క్యూనార్డ్. వాళ్ళ క్వీన్ మేరీ 2 అనే ఓడ 2004 నుంచి తిరుగుతోంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి, మామూలుగా 7 రాత్రులు. విమానంలో ఏడెనిమిది గంటల్లో అయ్యే ప్రయాణానికి 7 రాత్రులు ఎందుకు పెడతారంటే, ఆ 7 రాత్రుల కోసమే. అందులో సాధారణంగా 2 గాలా రాత్రులుంటాయి. ఒకటి బ్లాక్ అండ్ వైట్ కావచ్చు, ఇంకోటి మాస్కులు పెట్టుకునే మాస్కరేడ్ కావచ్చు. ఆ రోజు సాయంత్రం 6 దాటాక మెయిన్ రెస్టారెంట్‌కి, బాల్ రూమ్‌కి వెళ్ళాలంటే మగవాళ్ళు టక్సీడో, లేదా ముదురు రంగు సూట్, దానికి టై. ఇష్టం లేనివాళ్ళకి కింగ్స్ కోర్ట్ అనే బఫే ఉంది, గోల్డెన్ లయన్ అనే పబ్ ఉంది. తిండి లేకుండా ఎవరినీ ఉంచరు. కానీ ఓడలో అందరికన్నా అందమైన గది మాత్రం ఆ పూట మీకు మూసేసినట్టే.

అయితే ఆ రూల్‌లోనే మనవాళ్ళు చదవకుండా దాటేసే ముక్క ఒకటుంది. టక్సీడో, సూట్ అని చెప్పిన వరసలోనే ఫార్మల్ నేషనల్ డ్రెస్, అంటే మీ దేశపు సంప్రదాయ వస్త్రం, అది కూడా ఓకే అంటారు. స్కాట్లాండ్ ఆయన కిల్ట్‌లో వస్తాడు చూడండి, అలాగే. అంటే పట్టు పంచె, లాల్చీ, కండువా కాగితం మీద ఎప్పుడో పాసైపోయాయి. కాగితం మీద అని ఎందుకంటున్నానో తర్వాత చెప్తా.

అసలు సముద్రం మధ్యలో ఈ వేషాలేంటి అనిపిస్తుంది కదా? టైటానిక్ సినిమా గుర్తుందా? జాక్ థర్డ్ క్లాస్ కుర్రాడు. ఫస్ట్ క్లాస్ డిన్నర్‌కి పిలుపొస్తే, మోలీ బ్రౌన్ తన కొడుకు సూట్ ఇస్తుంది. అది వేసుకోగానే తలుపు దగ్గర మనిషి మర్యాదగా తలుపు తీస్తాడు. నిన్నటి జాక్, ఇవాళ్టి జాక్ ఒక్కడే. మారింది కోటు. సినిమా కథే అయినా, ఆ రోజుల్లో వ్యవస్థ అదే. 1912 నాటికి ఓడంటే మూడు తరగతులు, మూడు భోజనశాలలు. ఫస్ట్ క్లాస్‌కి భోజనం టైమైందని బూర ఊదేవాడు. ఆడా మగా ముస్తాబై దిగేవారు. ప్రయాణం మొదటి రాత్రికి మాత్రం మినహాయింపు, ఎందుకంటే ట్రంకు పెట్టెలు ఇంకా విప్పి ఉండరు. ఆ మినహాయింపు చాలా ఓడల్లో ఇప్పటికీ నడుస్తోంది, ఫార్మల్ రాత్రి మొదటి రోజు పెట్టరు. పెట్టెలు పోయి చక్రాల సూట్‌కేసులొచ్చినా అలవాటు పోలేదు. మన కోడ్‌లో పదేళ్ళ కిందటి కండిషన్ ఒకటి ఎందుకుందో ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది చూడండి, అదే టైపు.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. ఊరు చేరడానికి ఓడ ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. కంపెనీలు ఓడని రవాణా నుంచి సెలవుల మజాగా మార్చేశాయి. కార్నివాల్ 1972లో మొదలైంది, వాళ్ళ ప్రచారమే ఫన్ షిప్. భోజనశాలలకి తరగతుల గోడలు దాదాపు పోయాయి. మరి గోడలు పోయినా బట్టల రూల్ ఎందుకు మిగిలింది? నా అభిప్రాయం చెప్తా. ఆ గొప్పతనం ఇప్పుడు అందరికీ అమ్మే సరుకైంది. ఒక్క రాత్రి నువ్వు కూడా ఫస్ట్ క్లాసే అని. ఫార్మల్ రాత్రి మెట్ల దగ్గర ఫొటోగ్రాఫర్లు లైట్లు, బ్యాక్‌డ్రాప్‌లు పెట్టి రెడీగా ఉంటారు గమనించండి. ఆ ఫొటోలు ఊరికే ఇవ్వరు. నాకు ఇందులో తప్పేం కనిపించదు. పెళ్ళికి పట్టుచీర కట్టుకుని ఫొటో దిగడం లాంటిదే. నలుగురూ ముస్తాబైతే ఆ గది కళే వేరు. షార్ట్స్‌లో వచ్చేవాడికి బఫే ఉంది, వెళ్ళమనండి. పట్టింపు ఉన్న చోటుకి తెలిసి టికెట్ కొనుక్కున్నాక మళ్ళీ పట్టింపేంటి అని గొడవ పడేవాళ్ళ వైపు నేను లేను.

నా కంప్లైంట్ వేరే చోట ఉంది. రెండేళ్ళ కిందట మా పెదనాన్న, పెద్దమ్మలతో కలిసి నేనూ ఒక ఓడ ఎక్కాను. కంపెనీ పేరు అనవసరం. పెదనాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఫార్మల్ రాత్రి అనగానే, మా అన్నయ్య పెళ్ళిలో కట్టుకున్న జరీ అంచు పంచె, తెల్ల లాల్చీ, కండువా తీశారు. పెద్దమ్మ అదే పెళ్ళినాటి గద్వాల్ చీర. ఇద్దరూ లిఫ్ట్‌లోంచి దిగుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయి పెద్దమ్మని చూసి, చీర ఎంత బాగుందో అని రెండుసార్లు అంది. తర్వాత పెదనాన్న పంచె వైపు, చెప్పుల వైపు చూసింది. ఒక్క నిమిషం ఆగమని సూపర్‌వైజర్‌ని పిలిచింది.

ఆయన వచ్చేసరికి నాలుగైదు నిమిషాలు. వెనక క్యూ ఉంది. టక్సీడోల్లో ఉన్నవాళ్ళు పక్క నుంచి లోపలికి వెళ్తున్నారు. పెదనాన్న కండువా సర్దుకుంటూ నిలబడ్డారు. నేను ఫోన్‌లో వాళ్ళ రూలే తీసి చూపించాను. సూపర్‌వైజర్ చదివి, సారీ సర్ అని, చాలా మర్యాదగా తనే టేబుల్ దాకా తీసుకెళ్ళాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. భోజనం బాగుంది. కానీ రెండో ఫార్మల్ రాత్రి పెదనాన్న, "నాకు పైన పెరుగన్నం చాల్లేరా, మీరు వెళ్ళండి" అన్నారు. బఫేలో దొరికే యోగర్ట్, అన్నం కలుపుకుని తిన్నారు. పెద్దమ్మ కూడా ఆయనతోనే వెళ్ళింది. పట్టుచీర మళ్ళీ మడత విప్పలేదు.

అక్కడ నాకొకటి అర్థమైంది. ఇద్దరూ ఒకే పెళ్ళి బట్టల్లో వచ్చారు. చీరకి మెచ్చుకోలు, పంచెకి ఎంక్వయిరీ. ఎందుకంటే ఆడవాళ్ళ రూల్ వదులుగా రాస్తారు. ఈవెనింగ్ గౌను, లేదా దానికి తగ్గ ఏదైనా అందమైన డ్రెస్ అని. చీర ఆటోమేటిగ్గా అందులో పడిపోతుంది. మగవాళ్ళ రూల్ చెక్ లిస్ట్. కోటు ఉందా, టై ఉందా, బూటు ఉందా. పంచె చూసిన మనిషికి లిస్ట్‌లో ఒక్క టిక్ కూడా పడదు. పైగా వద్దు అనే లిస్ట్‌లో చెప్పులు ఉంటాయి, బీచ్ బట్టలు ఉంటాయి. లుంగీకి, పంచెకి తేడా తెలియని మనిషి దాన్ని బీచ్‌లో నడుముకి చుట్టుకునే గుడ్డ అనుకుంటే ఆ అమ్మాయిని ఏమనగలం? నేషనల్ డ్రెస్ అని ఒక్క మాట రాసి ఊరుకున్న కంపెనీని అనాలి. ఒక ఫొటో చార్ట్ వేసి, తలుపు దగ్గర పనిచేసేవాళ్ళకి అరగంట ట్రైనింగ్ ఇస్తే అయిపోయే పని.

విదేశీయుల్ని అనేముందు మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 2014లో చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్‌లో పుస్తకావిష్కరణకి మద్రాస్ హైకోర్టు జడ్జి ఒకాయన పంచెలో వెళ్తే లోపలికి రానివ్వలేదు. పెద్ద గొడవై, అదే ఏడాది తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది. క్లబ్బుల్లాంటి చోట్ల పంచె కట్టుకున్నాడని మనిషిని ఆపకూడదని. మెరీనా బీచ్ ఉన్న ఊళ్ళోనే చట్టం కావాల్సి వచ్చింది. సముద్రం మీద ఆ చట్టం చెల్లదు లెండి. క్వీన్ మేరీ 2 రిజిస్ట్రేషన్ బెర్ముడాది.

ఈ ఓడ బట్టల బాధ పడ్డవాళ్ళలో గాంధీగారు కూడా ఉన్నారు. 1888 సెప్టెంబర్‌లో, 18 ఏళ్ళ వయసులో, బొంబాయి నుంచి లండన్ చదువుకి ఓడ ఎక్కారు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. ఫోర్కు, కత్తి వాడటం రాదు. ఏ వంటకంలో మాంసం లేదో అడగడానికి మొహమాటం. అందుకని భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళు కేబిన్‌లోనే తిన్నారు. ఓడలో నల్ల సూట్ వేసుకుని, దిగేటప్పుడు వేసుకోవాలని తెల్ల ఫ్లానెల్ సూట్ ఒకటి ప్రత్యేకంగా దాచుకున్నారు. తీరా దిగితే అది సెప్టెంబర్ చివర, తెల్లబట్టల్లో ఉన్నది ఆయనొక్కరే. సామాను ఏజెంట్ల దగ్గర, మర్నాడు ఆదివారం, మార్చుకోవడానికి బట్టలు లేవు. 43 ఏళ్ళ తర్వాత, 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి రాజ్‌పుతానా అనే ఓడలో మళ్ళీ లండన్ వెళ్ళారు. ఈసారి సెకండ్ క్లాస్, ఒంటి మీద కొల్లాయి, శాలువా. తనతో వచ్చినవాళ్ళు తెచ్చిన ఎక్కువ సామాను ఏడెన్‌లో దింపి వెనక్కి పంపించేశారు. అదే వేషంలో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుగారి టీ పార్టీకి వెళ్ళారు. నాకు మాత్రం రెండో ప్రయాణం కన్నా మొదటిదే ఎక్కువ గుర్తుంటుంది. అంత మనిషి కూడా 18 ఏళ్ళప్పుడు రూమ్‌లో కూర్చుని మిఠాయిలు తిన్నారు.

సరే, ఇక మీ నాన్నగారి సంగతికి వద్దాం. సూట్ కుట్టించొద్దు. ఆయనకి సరదా ఉంటే కుట్టించండి, మన పెళ్ళిళ్ళకీ పనికొస్తుంది. లేదంటే పంచె, లాల్చీ, కండువా. పంచె అలవాటు లేకపోతే బంద్‌గలా కోటు, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. బయల్దేరే ముందు కంపెనీకి పంచెకట్టు ఫొటో జతచేసి మెయిల్ పెట్టండి. ఇది మా నేషనల్ డ్రెస్, ఫార్మల్ రాత్రి మా నాన్నగారు ఇదే కట్టుకుంటారు అని. ఓకే అని జవాబొస్తే ప్రింట్ తీసుకోండి. ఓడ ఎక్కిన రోజే, డైనింగ్ హాల్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి, అక్కడి మేనేజర్‌కి ఆ కాగితం చూపించి ఒక మాట చెప్పండి. క్యూలో చూపించాల్సిన అవసరం రాకూడదు, అదీ పాయింట్. రబ్బరు చెప్పులు వద్దు. మూసి ఉన్న జుత్తీలు కొనండి. మోకాళ్ళ పైకి మడిచి కట్టే అలవాటుంటే ఆ ఒక్క పూటకి ఆపమనండి.

ఇంకోటి, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళకండి. మంటల భయంతో చాలా ఓడల్లో కేబిన్‌లోకి రానివ్వరు, స్కానింగ్‌లోనే తీసి పక్కన పెట్టేస్తారు. క్యూనార్డ్ ఓడల్లో లాండ్రీ గదులున్నాయి, అక్కడే ఇస్త్రీ చేసుకోవచ్చు. రాయల్ కరీబియన్‌లో మనం చేసుకునే లాండ్రీ ఉండదు, డబ్బులిచ్చి చేయించుకోవాలి. కాబట్టి పట్టు పంచెని గొట్టంలా చుట్టి, మెత్తని తువ్వాలు లోపల పెట్టి సర్దండి. మా పెద్దమ్మ టెక్నిక్ ఇది, ముడత పడదు. అగరబత్తీలు, దీపం కుందులు కూడా ఇంట్లోనే వదిలేయండి, అదే మంటల రూల్.

వచ్చే ఎపిసోడ్‌లో ఓడలో శాకాహారం ముందుగా ఎలా బుక్ చేసుకోవాలో చెప్తా. పెరుగు సంగతితో సహా. ఉంటానండీ.