పాలు పితికే చేతికి పట్టీ: ఎప్పుడు, ఎక్కడ, ఎంతకాలం

(కృష్ణా డెల్టా సంఘ సభ్యుల అవగాహన సభలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



1974లో రాష్ట్రములో పాడి అభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడిన నాటి నుండి ఇటువంటి సభలలో గేదె దాణా గురించి, టీకాల గురించి, ఎద లక్షణాల గురించి, పొదుగువాపు గురించి చెప్పుకుంటూనే ఉన్నాము. ఆ గేదెను పితికే చేతిని గురించి చెప్పుకున్నది తక్కువ. ఈ రోజు దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము. మేము వైద్యులము కాము, లెక్కలు చూచే ఉద్యోగులము. అయినా ఈ సంగతి మా లెక్కలలోనే కనబడుతున్నది.

తనిఖీకి వచ్చినప్పుడు పాల సేకరణ రిజిస్టరు తిప్పుతాము. పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యురాలి పేరు ఎదుట కొన్నాళ్లకు మూడున్నర, తరువాత మూడు, ఆ పైన రెండున్నర పడుతుంది. గేదె ఈని మూడు నెలలే అయి ఉంటుంది, దాణాకు లోటుండదు. అడిగితే, "చెయ్యి పట్టడం లేదండీ, చివరి పాలు తియ్యలేకపోతున్నాను" అంటారు. ఆ చివరి పాలలోనే వెన్న ఎక్కువ. పొదుగు పూర్తిగా ఖాళీ కాకపోతే పాలు రోజురోజుకు తగ్గుతాయి, పొదుగువాపు ఉంటే ముదురుతుంది. ఆపైన ఇంట్లో గేదెను అమ్మే మాట వస్తుంది. మణికట్టు నొప్పి చివరకు పాల బిల్లుకు తగిలే నొప్పి అవుతున్నది కనుకనే దీనిని సభ ముందు ఉంచుతున్నాము.

ఏ నొప్పికి ఏ పట్టీ

పూటకు కొన్ని వందలసార్లు పిడికిలి బిగించాలి. ఆ పైన కొడవలి, పేడ ఎత్తడం, వామిలో నుండి వరిగడ్డి లాగడం, క్యాను మోయడం. వీటివల్ల సాధారణంగా వచ్చే బాధలు మూడు. మూడింటికీ పట్టీలు వేరు. మందుల షాపుకు వెళ్లి "చేతికి పట్టీ ఇవ్వండి" అంటే చాలదు.

మొదటిది మోచేతి వెలుపలి నొప్పి. చెంబు ఎత్తినా, బట్ట పిండినా మోచేతి బయటి ఎముక గుబ్బ దగ్గర పోటు పుడుతుంది. దీనిని టెన్నిస్ ఎల్బో అంటారు. సచిన్ టెండూల్కర్‌కు 2005లో శస్త్రచికిత్స జరిగినది దీనికే. అయితే ఈ బాధ ఉన్నవారిలో చాలామంది టెన్నిస్ బ్యాటు ముట్టని వారే. మణికట్టును పైకి లేపే కండరాలు ఆ గుబ్బకు అతుక్కునే చోట అరుగుదల వస్తుంది. దీనికి వాడేది మోచేతి కింద కట్టే సన్నని బెల్టు. దానిని నొప్పి ఉన్న ఎముక మీద కట్టరాదు. గుబ్బకు రెండు వ్రేళ్ల దిగువన, కండ మీద కట్టాలి. అక్కడ ఒత్తిడి పడితే పైనున్న అతుకు మీద లాగుడు తగ్గుతుంది. పని చేసేటప్పుడే కట్టుకుని, పని కాగానే తీసివేయాలి. పితికేటప్పుడు కూడా దీనిని ఉంచుకోవచ్చును.

రెండవది తిమ్మిరి. బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగం మొద్దుబారతాయి. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటారు. మణికట్టులో ఒక ఇరుకు సొరంగం ఉన్నది. తొమ్మిది స్నాయువులు, ఒక నరము దానిలో నుండే పోతాయి. అందులో ఒత్తిడి పెరిగితే నరము నలుగుతుంది. దీని పేరు కార్పల్ టన్నెల్. గర్భిణీలలో, షుగరు, థైరాయిడ్ ఉన్నవారిలో ఎక్కువ. దీనికి లోపల రేకు ఉన్న మణికట్టు పట్టీ కావాలి. నిద్రలో మణికట్టు ముడుచుకుపోతుంది కనుక ముఖ్యంగా రాత్రిపూట కట్టుకోవాలి. షాపులో దొరికే వాటిలో రేకు కొంచెము పైకి వంగి ఉంటుంది. ఈ బాధకు మణికట్టు తిన్నగా ఉండాలి కనుక రేకును తిన్నగా చేయించుకోవాలి. ఆరు వారాలు విడువకుండా వాడి చూడాలి.

మూడవది బొటనవ్రేలి మొదట, మణికట్టు పక్కన వచ్చే నొప్పి. 1895లో దీనిని వర్ణించిన స్విట్జర్లాండు శస్త్రవైద్యుని పేరుతో డి కెర్వాన్ వ్యాధి అంటారు. బిడ్డను ఎత్తుకునే బాలింతలకు, బొటనవ్రేలు మడిచి పితికే వారికి ఇది వస్తుంది. దీనికి బొటనవ్రేలిని కూడా కదలకుండా పట్టి ఉంచే పట్టీ కావాలి. మణికట్టుకు మాత్రమే చుట్టే పట్టీ వల్ల లాభము లేదు.

కట్టుకునే వారు గమనించవలసినవి

విరిగిన ఎముకకు వేసే పుత్తూరు కట్టు వేరు, ఇది వేరు. దీనిని బిగించినకొద్దీ మేలు అనుకోరాదు. వ్రేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరి పెరిగినా వెంటనే వదులు చేయాలి. రోజుకు కొన్నిసార్లు పట్టీ తీసి వ్రేళ్లను, మణికట్టును మెల్లగా ఆడించాలి. ఎప్పుడూ కట్టే ఉంచితే చెయ్యి బిగుసుకుపోతుంది.

రేకు పట్టీతో పాలు పితకరాదు. పట్టు కుదరదు, బరువు మోచేతి మీదకు, భుజము మీదకు పోతుంది. గుడ్డ పట్టీ పాలకు, పేడకు తడిస్తే క్రిములకు నిలయమై ఒక గేదె పొదుగువాపును మరొక గేదెకు చేరుస్తుంది. మోచేతి బెల్టును కూడా సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయాలి. రెండు ఉంటే మంచిది.

పట్టీ చేతికి విశ్రాంతిని ఇస్తుంది, రోగాన్ని తీసివేయదు. మోచేతి నొప్పి చాలామందికి సంవత్సరము లోపల తగ్గుతుంది. బరువు తగ్గించి, ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామము చేస్తే మంచిది. ఆ నొప్పికి స్టీరాయిడ్ ఇంజెక్షను కొద్ది వారాలు హాయినిస్తుంది గాని, ఏడాది తిరిగేసరికి ఇంజెక్షను లేనివారే మెరుగుగా ఉన్నట్లు పరిశోధనలలో తేలినది. కనుక తొందరపడవద్దు.

తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవ్రేలి కింది కండ పలచబడినా, వాపుతో జ్వరము వచ్చినా, మెడ నుండి చేతికి నొప్పి దిగినా పట్టీతో కాలయాపన చేయరాదు. ఎముకల వైద్యునికి చూపించాలి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగము ఉన్నది. నరము ఎక్కువకాలము నలిగితే పోయిన బలము తిరిగి పూర్తిగా రాకపోవచ్చును.

పితికే పద్ధతి, సంఘము బాధ్యత

గేదె చనుమొన ద్వారము ఆవుకన్నా బిగువు. చేపు రాకముందే లాగితే చేతికి రెండింతల శ్రమ. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, మర్దన చేసి, చేపు వచ్చిన తరువాతనే కూర్చోవాలి. చేపు కోసము ఆక్సిటోసిన్ సూది వేయరాదు, అది చట్టవిరుద్ధము. నాలుగు వ్రేళ్లతో, అరచేతితో నిండుగా పట్టి పితకాలి. బొటనవ్రేలు మడిచి పితికితే వ్రేలికీ చేటు, చనుకూ చేటు. మణికట్టు తిన్నగా ఉండేటట్లు పీట ఎత్తు చూచుకోవాలి. ఇంట్లో ఒక పూట భార్య పితికితే రెండవ పూట భర్త పితకాలి. అన్ని పట్టీల కన్నా ఇది మేలైన విశ్రాంతి.

సంఘాలకు మూడు సూచనలు. నలభై లీటర్ల క్యానులో పాలే నలభై కిలోలు దాటుతాయి, కనుక ఇద్దరు లేనిదే ఎత్తరాదని కేంద్రములో కట్టడి చేయండి. బైలాలు అనుమతించిన మేరకు ఉమ్మడి ప్రయోజన నిధి నుండి సంవత్సరానికి ఒకసారి ఫిజియోథెరపిస్టును పిలిపించేందుకు సర్వసభ్య సమావేశములో తీర్మానము పెట్టండి. గేదెలు ఎక్కువగా ఉన్నవారు పితికే యంత్రమును గురించి ఆలోచించండి. గేదెకు తగినది ఎంచుకుని, నెమ్మదిగా అలవాటు చేయాలి.

ఇక నుండి రిజిస్టరులో ఏ సభ్యురాలి పాలు తగ్గినా కార్యదర్శి గేదెను గురించి అడిగిన తరువాత, "చెయ్యి ఎలా ఉన్నదమ్మా?" అని కూడా అడగవలసినదిగా కోరుతున్నాము.