చిన్నపనులు నేర్పు చదువు
(మన సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



విద్యార్థులకు నాలుగు హితవాక్యములు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. హితవు చెప్పుట సులభము; వినువారికి రుచించుట కష్టము. కావున మేము దెబ్బతిని నేర్చుకొన్న యొక పాఠమును మాత్రము విన్నవించెదము.

2020లో ఆంధ్రప్రదేశమున డిగ్రీ చదువులను సంస్కరించినపుడు పది నెలల ఇంటర్న్‌షిప్పును అందు చేర్చిరి. మన పిల్లలును ఆసుపత్రులకు, బ్యాంకులకు, కార్ఖానాలకు పోయి వచ్చుచున్నారు. తిరిగివచ్చి వారనుమాట తరచుగా నొక్కటే: “మాకేమియు నేర్పలేదండి, కాగితములు పేర్చుమనిరి, అంకెలు వ్రాయుమనిరి.” తల్లిదండ్రులును పోషకుల నాశ్రయించి, “మావానికి పెద్దపని యిప్పింపుడు” అని వేడుచున్నారు. ఈ ఫిర్యాదు కొంత న్యాయము, కొంత కాదు.

మేము భాషాప్రవీణ చదువుచున్న దినములలో, 1980 ప్రాంతమున, వేసవి సెలవులలో ఒక తాళపత్ర గ్రంథాలయమున రెండు నెలలు పని నేర్చుకొనబోయితిమి. అపూర్వ కావ్యములు చదువవచ్చునని ఉవ్విళ్లూరితిమి. మాకిచ్చిన పని వేరు. కట్ట విప్పుట, మెత్తని కుంచెతో ధూళి తుడుచుట, ఎండిన యాకులకు నిమ్మగడ్డి తైలము పూయుట, ఆకులు లెక్కించి పట్టికలో వ్రాయుట, మరల చెక్కపలకల నడుమనుంచి త్రాటితో కట్టుట. పది దినములకే విసువు పుట్టెను. పాత పట్టికలో సంఖ్యలున్నవి గదా యని, కట్టలు విప్పకయే వానిని దించి వ్రాయసాగితిమి.

ఒకనాడు ఒక పండితుడు వచ్చి యొక కట్టను చూడగోరెను. మా పట్టికలో 84 ఆకులు; కట్టలో 82. మేము క్రొత్తగా లెక్కించినట్లు వ్రాసియుంటిమి గనుక, ఆ రెండాకులును ఆ వారములోనే పోయినవని యందరు తలంచిరి. గది తాళము తీసి యూడ్చు బంట్రోతుపై అనుమానము పడెను. ఇరువదియేండ్లు నమ్మకముగా పనిచేసిన వాడు మూడు దినములు తలవంచుకొని తిరిగెను. మూడవనాటి సాయంకాలమునకు గాని మాకు నోరు రాలేదు. గ్రంథపాలకుడు నిజము విని మమ్ము దూషింపలేదు. మేము వ్రాసిన నలువది కట్టలను మరల లెక్కింపుమనెను. ఒక యాకు ప్రక్క కట్టలో దొరకెను. రెండవది మేమున్నంతకాలము దొరకలేదు.

ఆ బంట్రోతును క్షమాపణ వేడితిమి. “తమరు చదువుకొన్నవారు బాబూ, తమరు వ్రాసినదే నిజమనుకొంటారు గదా” అని మాత్రమే యతడనెను. ముప్పది యేండ్లకు పైగా బడిలో హాజరుపట్టికయు, మార్కులపట్టికయు వ్రాయునప్పుడెల్ల ఆ మాట మా చెవిలో మ్రోగుచునే యుండెను.

విద్యార్థులారా! చిన్నపని వెనుక ఎవరో యొకరి మానమో ప్రాణమో యుండును. రోగి జ్వరమును కొలువకయే అంకె వ్రాసినచో వైద్యుడు దానిని నమ్మి మందిచ్చును. మందుసీసాపై గడువుతేదీ చూడక అలమారులో పెట్టినచో, తెలియని ముసలమ్మ దానిని కొనిపోవును. మరియొక మాట. ఆ నలువది కట్టలను రెండవమారు లెక్కించునప్పుడే ఆకుల యంచుల నున్న సంఖ్యలను, పాత లిపిలోని యక్షరభేదములను, గ్రంథాంతమున లేఖకుడు వ్రాసికొన్న సంవత్సరనామమును గుర్తింప నేర్చితిమి. విసువుతో చేసిన మొదటి లెక్క మాకేమియు నేర్పలేదు.

ఇక పోషకులకు విన్నపము. ఛాందోగ్యోపనిషత్తులో గౌతముడు సత్యకామునకు బక్కచిక్కిన నాలుగువందల గోవుల నప్పగించెను. అవి వేయి యగువరకు శిష్యుడు తిరిగిరాలేదు. ఈ కథను విద్యార్థులకు తరచుగా చెప్పుదుము. కడపటి భాగము మరచుదుము. పశువులను కాయించుటతో తన ధర్మము తీరెనని గురువు తలంపలేదు. తిరిగివచ్చిన శిష్యునకు తానును ఉపదేశించెను. చిన్నపని యిచ్చుట తప్పుగాదు. అది యెందులకో చెప్పకుండుట తప్పు. కూలివాని జీతము మిగులునని విద్యార్థిచే నెలల తరబడి యొకే పని చేయించుకొనుట విద్యాదానము కానేరదు. మన దుకాణములలో, మిల్లులలో, ముద్రణాలయములలో చేరిన ప్రతి విద్యార్థికిని వారమున కొకగంట యజమాని స్వయముగా కేటాయించి, “నీవు చేసిన పని ఇచ్చటినుండి ఇచ్చటికి పోవును, తప్పినచో వీనికి నష్టము” అని చూపవలెను. మా గ్రంథపాలకుడు మొదటినాడే ఆ మాట చెప్పియుండినచో, మేము కట్ట విప్పియుందుమేమో! అయినను తప్పు మాదే.

పెద్దపని యిప్పింపుడని సిఫారసు అడుగ వచ్చు తలిదండ్రులకు ఈ కథ చెప్పి పంపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.

స్వస్తి.