కోరిక, మెదడు, రక్తనాళం



ఫిజియాలజీ క్లాసులో లైంగిక కోరిక గురించిన పాఠం రాగానే వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యేవి. మా మాస్టారు అవి ఆగేదాకా సుద్దముక్క పట్టుకుని నిలబడి, తర్వాత గుండె గురించి చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయేవారు. నాకూ ఆ దారే మంచిదనిపిస్తుంది. ఒక మాత్ర కథతో మొదలుపెడతాను.

ఇంగ్లండులోని శాండ్‌విచ్‌లో ఫైజర్ శాస్త్రజ్ఞులు గుండెనొప్పికని పరీక్షించిన సిల్డెనాఫిల్ ఆ పనికి పెద్దగా అక్కరకు రాలేదు. మందు వేసుకున్న మగవాళ్లు మాత్రం అంగస్తంభన పెరిగిందని చెప్పారు. 1998 మార్చిలో అమెరికా అనుమతించిన వయాగ్రా అదే. రక్తనాళాలకు కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడని తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. కోరిక కలిగితే మెదడు నుంచి వెన్నుపాము మీదుగా సంకేతం దిగుతుంది. అంగంలోని నరాల కొసలు నైట్రిక్ ఆక్సైడు వదులుతాయి. దాంతో సైక్లిక్ జీఎంపీ అనే రసాయనం పెరిగి, నాళాల గోడల్లో కండరం సడలి, రక్తం నిండుతుంది. ఆ జీఎంపీని విరగ్గొట్టే ఎంజైమును మాత్ర అడ్డుకుంటుంది, అంతే. పైనుంచి కబురే రాకపోతే మాత్ర చేసేదేమీ లేదు. (గుండెకు నైట్రేట్లు వాడేవారు దీని జోలికి పోనేకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.)

ఆ కబురు పంపే మెదడులో యాక్సిలరేటరూ ఉంది, బ్రేకూ ఉంది అన్నారు లైంగికతపై పరిశోధించే కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బాన్‌క్రాఫ్ట్, జాన్సెన్. నాకు బ్రేకు సంగతే ముఖ్యంగా తోస్తుంది. పక్కగదిలో అత్తగారి దగ్గు వినబడే ఇంట్లో కొత్త కోడలి మెదడు ఏం చేస్తుందో ఆలోచించండి. భయం, సిగ్గు, అలసట, కిందటిసారి కుదరలేదన్న బెంగ, అన్నీ బ్రేకు మీదే పడతాయి. రసాయనాల పాత్రా తక్కువది కాదు. పార్కిన్సన్స్‌కు డోపమిన్‌లా పనిచేసే మందులు వాడే కొందరిలో కోరిక అదుపు తప్పుతుంది. సెరటోనిన్‌ను పెంచే డిప్రెషన్ మందులతో చాలామందికి అది తగ్గుతుంది. 2015లో స్త్రీల కోసం వచ్చిన ఫ్లిబాన్సెరిన్ నేరుగా మెదడు మీద పనిచేస్తుంది, రోజూ వేసుకోవాలి. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే దాని మేలు కొంచెమే. చేసిన హడావుడికి తగ్గ మందు కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. శరీరం స్పందన, మనసులోని ఇష్టం ఎప్పుడూ కలిసి నడవవు. ముఖ్యంగా స్త్రీలలో రెండింటికీ పొంతన తక్కువని మెరెడిత్ చివర్స్ బృందం 2010లో ఎన్నో ప్రయోగాల ఫలితాలను కలిపి చూపింది. ఒళ్లు స్పందించింది కాబట్టి ఒప్పుకున్నట్టే అనే వాదన శాస్త్రం ముందు నిలవదు. ఈ మాట పోలీసులకూ, లాయర్లకూ, భర్తలకూ తెలియాలి.

చివరిగా సభలోని మగవారికి ఒక విన్నపం. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలు చూసి ఆ నాటువైద్యుల గుడారాలకు డబ్బు పొయ్యకండి. అంగానికి వెళ్లే నాళాలు సన్ననివి; షుగరు, కొలెస్టరాల్ చేసే చెరుపు గుండెనొప్పికి ఏళ్ల ముందే అక్కడ బయటపడవచ్చు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లి షుగరు, బీపీ చూపించుకోండి. వెళ్లేటప్పుడు భార్యను కూడా తీసుకెళ్లండి.