పెట్టెలోని సొమ్మంతా లాభం కాదు
(పాఠశాల సభలో చేసిన ప్రసంగం)



మీలో కొందరి ఇళ్లలో దుకాణాలున్నవి. కొందరి తల్లిదండ్రులు బజారులో కూరగాయలు అమ్ముతున్నారు. రేపు మీలో కొందరు వ్యాపారం చేయవచ్చును. అందుచేత చిన్న వ్యాపారాన్ని ఎట్లా నిలుపుకోవాలో ఈనాడు తెలుసుకుందాము.

ఒక అన్న, చెల్లెలు మన మారిషస్‌లోని ఒక బజారులో గాతో పిమా అమ్ముతున్నారనుకోండి. ఒకనాడు పప్పు, మిరపకాయలు, నూనెకు 700 రూపాయలు, గ్యాసుకు 80, బస్సుకు, చోటు అద్దెకు కలిపి 120 ఖర్చయినవి. మొత్తం 900. సాయంత్రానికి పెట్టెలో 1,300 రూపాయలున్నవి. మరి లాభమెంత? 400 మాత్రమే. తక్కిన 900 రేపటి ఖర్చుకు కావలసిన పెట్టుబడి.

ఆ సాయంత్రం ఇంటి అవసరానికని పెట్టెలోనుండి 600 తీశారనుకోండి. మిగిలేది 700. మరునాటికి 200 తక్కువ. అప్పు చేయాలి, లేదా సరుకు తగ్గించాలి. సరుకు తగ్గితే అమ్మకమూ తగ్గుతుంది. బాగా అమ్ముడుపోయే దుకాణం కూడా ఇట్లాగే మూతపడుతుంది.

కాబట్టి ఇంటి సొమ్ము వేరుగా, దుకాణం సొమ్ము వేరుగా ఉంచాలి. ఇంటికి ఇంత అని ముందే నిర్ణయించుకొని అంతే తీసుకోవాలి. ఏనాటి లెక్క ఆనాడే రాయాలి. అరువిస్తే పేరు, తేదీ, మొత్తం రాసి ఉంచాలి. అరువుకు ఒక హద్దు ఉండాలి. పుస్తకంలో రాసిన బాకీతో రేపటి పప్పు కొనలేము కదా!

ఇక లాభం పంచుకునే సంగతి చూద్దాము. అన్న 6,000 రూపాయలు పెట్టాడు. చెల్లెలు 3,000 పెట్టింది. కాని రోజూ తెల్లవారుజామున లేచి పప్పు రుబ్బేది చెల్లెలే. సొమ్మును బట్టి పంచితే ఆమె శ్రమకు విలువ ఉండదు. సమానంగా పంచితే అన్న ఎక్కువగా పెట్టిన సొమ్ముకు విలువ ఉండదు. ముందుగా ఇద్దరి పనికీ కూలి కట్టి, మిగిలినది సొమ్మును బట్టి పంచుకోవడం ఒక మంచి పద్ధతి.

ఏ పద్ధతి అయినా మొదటి రోజే మాట్లాడుకొని, కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఎవరు సరుకు కొనాలి, ఎవరు లెక్క చూడాలి, ఒకరు మానుకుంటే వారి సొమ్ము ఎట్లా తిరిగి ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన సామెత. “సొంతవాళ్లమే, కాగితమెందుకు?” అనవద్దు. దుకాణం పోతే మరొకటి పెట్టుకోవచ్చును. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోతే తిరిగి కలపడం కష్టం.

ఇటువంటి భాగస్వామ్యంలో దుకాణం అప్పు తీరకపోతే అది వారి సొంత ఆస్తి మీదికి రావచ్చును. పరిమిత కంపెనీలోనైతే సాధారణంగా వాటా సొమ్ము వరకే నష్టం. సహకార సంఘంలో ఎవరి వాటా ఎంత ఉన్నా ఒక్కొక్కరికి ఒక్క వోటే. మన దేశంలో సహకారోద్యమం 1913లో మొదలైంది. చిన్న చెరకు రైతులు పరపతి సంఘాలలో చేరి పొదుపు చేసుకున్నారు, అవసరానికి అప్పు పొందారు.

పిల్లలూ! వచ్చే తరగతికి ఇంటి పెద్దలనడిగి, ఒక రోజు రాబడి, ఖర్చు తెలుగులో రాసి తీసుకొని రండి. మిగిలినదెంతో అందరమూ కలిసి లెక్క చూద్దాము. సెలవు.